పాత కారు తుక్కుకి ఇస్తే ఎంత రావాలో చెప్పేవాళ్ళు ఎవురు?

ఎడిటర్ గారికి నమస్కారం,

నేను కావలి నుంచి రాస్తన్నా. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గినాక మా వైపు కొత్త కార్లు కొన్నోళ్ళు చానామంది కనపడతన్నారు, సంతోషమే, కానీ మరి ఇంటి ముందర ఉన్న పాత బండిని ఏం చేశారయ్యా అని అడిగితే ఏదో వచ్చినకాడికి ఇచ్చేశాం అంటారు. పొలం అమ్మేటప్పుడు సెంటు సెంటుకీ లెక్కేసుకునే మనం పదిహేనేళ్ళు నడిపిన బండిని లెక్కాపత్రం లేకుండా ఎట్టా ఇచ్చేస్తన్నాం?

మా అక్కా వాళ్ళది 2004 మోడల్ మారుతి 800. ఇంజిన్ సీజ్ అయ్యి చానా కాలంగా కదలకుండా ఉండిపోయింది. తుక్కు కొనే ఆయన వచ్చాడు, చుట్టూ ఒక రౌండ్ తిరిగాడు, డోర్ కింద వేలు పెట్టి గీకితే తుప్పు పెచ్చులు పెచ్చులుగా రాలింది, అది అరచేతిలో పెట్టి చూపించి "ఏముందమ్మా దీంట్లో, అంతా ఉప్పుగాలికి పోయింది, ఎనిమిది వేలు ఇస్తా, ఇప్పుడే తీసకపోతా" అన్నాడు. మా బావ సరే అనబోతుంటే అక్క బీరువాలోంచి సీ బుక్ తెచ్చి దాంట్లో ఖాళీ బండి బరువు ఎంతని రాసుందో చదివి కిలో ఏం రేటుకి తీసకుంటన్నావో ముందు అది చెప్పు అనింది. ఆయన రేటు చెప్పడు, మొత్తం మీద అంటాడు. అక్క మొత్తం మీద కుదరదు అనింది. చివరికి పదమూడు వేలకి వచ్చాడు, అదీ బ్యాటరీ మేం తీసేసుకున్నాక. అదే బండి, అదే తుప్పు, ఒక్క ప్రశ్నకి ఐదు వేలు తేడా.

అందుకే అందరికీ చెప్పేది ఏందంటే, సీ బుక్ లో అన్‌లేడెన్ వెయిట్ అని, అంటే ఖాళీ బండి బరువు, ఉంటది, అది చూసుకోండి. మారుతి 800 అయితే 650 కిలోల దగ్గర ఉంటది. దాంట్లో సీట్లు, అద్దాలు, రబ్బరు, ప్లాస్టిక్ తీసేస్తే సుమారు మూడింట రెండొంతులు ఇనుమూ ఉక్కూ, అంటే 430 కిలోల దాకా. తుక్కు రేటు నెలనెలా మారతా ఉంటది, ఊరిని బట్టి కూడా మారద్ది, లెక్క కోసం కిలో 25 అనుకుంటే ఇనుము ఒక్కటే 10,750 అయింది. ఇంక ఇంజిన్ హెడ్డు, గేర్‌బాక్స్ డొప్ప అల్యూమినియం, వాటి రేటు ఇనుము కంటే చానా ఎక్కువ. ఆల్టర్నేటర్ లో, స్టార్టర్ మోటార్ లో, వైరింగ్ లో రాగి ఉంటది. బ్యాటరీలో సీసం. పెట్రోల్ బండి సైలెన్సర్ పైపులో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ అనే డబ్బా ఉంటది, దాంట్లో ప్లాటినం, పల్లాడియం, రోడియం లాంటి ఖరీదైన లోహాలు కొంచెం కొంచెం ఉంటయ్, కొనేవాడికి అది తెలుసు, అమ్మేవాడికే తెలీదు. టైర్లు బాగుంటే వాటికి వేరే గిరాకీ. ఇయ్యన్నీ విడివిడిగా అడిగితేనే లెక్కలోకి వస్తయ్, లేకపోతే మొత్తం మీద అనే రేటులో కలిసిపోతయ్. తుప్పు పట్టినంత మాత్రాన బండి సగం మాయమైపోదు, మైపాడు, కొత్తపట్నం వైపు సముద్రం పక్కన ఉన్న బండ్లకి ఫ్లోర్ రేకు తినేసినా ఇంజిన్, యాక్సిల్, గేర్‌బాక్స్ బరువు ఎక్కడికీ పోదు.

ఇంకో మోసం భయపెట్టడం. 15 ఏళ్ళు దాటితే గవర్నమెంట్ వాళ్ళు లాక్కుంటారు, ఇప్పుడే ఇచ్చేయండి అని చెప్పి రేటు తగ్గిస్తన్నారు. అట్టాంటిది మన దగ్గర లేదు. ఢిల్లీలో డీజిల్ కి పదేళ్ళు, పెట్రోల్ కి 15 ఏళ్ళు అనేది అక్కడి కాలుష్యం మీద వచ్చిన ఆర్డర్ల గొడవ. 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్ళు దాటితే రిజిస్ట్రేషన్ రద్దు చేసింది గవర్నమెంట్ బండ్లకి. మన సొంత కారు బాగుండి ఫిట్‌నెస్ పాసైతే ఇంకో ఐదేళ్ళు రెన్యూవల్ చేసుకోవచ్చు. కాకపోతే ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 600 నుంచి 5,000 అయింది, 2025 ఆగస్టులో 20 ఏళ్ళు దాటిన కార్లకి 10,000 చేశారు, రిపేర్లు కూడా కలుపుకోని అది గిట్టుబాటు అయిద్దో లేదో ఎవురికి వాళ్ళు చూసుకోవాల. నడిచే బండి అయితే తుక్కుకి ఇవ్వకుండా సెకండ్‌హ్యాండ్ లో అమ్ముకోవడమే మేలు.

ఇంక రిజిస్టర్డ్ స్క్రాపింగ్ సెంటర్ల సంగతి. 2021లో కేంద్రం తెచ్చిన స్క్రాపింగ్ పాలసీలో చెప్పింది, అదే రకం కొత్త కారు ఎక్స్‌షోరూమ్ ధరలో 4 నుంచి 6 శాతం తుక్కు విలువగా రావాలని. ఐదు లక్షల కారు అయితే 20 వేల నుంచి 30 వేలు. సెంటర్ వాళ్ళు కూడా చానా చోట్ల బరువూ అప్పటి రేటూ చూసే ఇస్తారు కాబట్టి అంత కచ్చితంగా వస్తదని నేను చెప్పను, కానీ వాళ్ళు బండిని తుక్కుకి అప్పగించినట్టు సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ అనే కాగితం ఇస్తారు, అసలు విలువ దాంట్లో ఉంది. అది చూపిస్తే కొత్త బండికి రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ, రోడ్డు టాక్స్ లో సొంత బండ్లకి 25 శాతం వరకు, ట్రాన్స్‌పోర్ట్ బండ్లకి 15 శాతం వరకు రాయితీ ఇవ్వొచ్చని కేంద్రం రూల్. మన కొత్త బండికి ఎంత తగ్గుద్దో కొనకముందే ఆర్టీవో ఆఫీసులో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. కొత్త కారు కొనే ఉద్దేశం లేకపోతే ఆ సర్టిఫికెట్ ని వేరేవాళ్ళకి అమ్ముకునే వీలు కూడా ఉంది. పాత సామాన్ల షాపుకి వేసినోళ్ళకి ఇయ్యేమీ రావు.

అన్నిటికంటే నాకు భయమేసేది కాగితాల సంగతి. డబ్బులు తక్కువొస్తే వచ్చిందిలే అనుకోవచ్చు, కానీ సీ బుక్ మన పేరు మీద ఉండగానే బండిని ఎవురికో ఇచ్చి పంపిస్తే ఆ బండిని వాడు తుక్కుగా పగలగొడతాడో, రిపేరు చేసి ఏ తాలూకాలోనో తిప్పుతాడో, ఛాసిస్ నంబరు పీకి దొంగ బండికి అతికిస్తాడో మనకేం తెలుసు? యాక్సిడెంట్ అయితే రికార్డులో ఓనర్ గా ఎవురి పేరు ఉందో వాళ్ళదే బాధ్యత అని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. మా వీధిలో ఒక పెద్దాయన, రిటైర్డ్ టీచర్, బండి తుక్కుకి వేసి మర్చిపోయినాక ఎక్కడో హైవే మీద చలానా పడిందని మెసేజ్ వచ్చి ఎంత కంగారు పడ్డాడో చూశాం మేం, ఆ వయసులో ఆయన్ని స్టేషన్ చుట్టూ తిప్పడం నాకు ఇప్పటికీ మనసుకి కష్టంగా ఉంది. మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ ప్రకారం బండి ఇంక పనికి రాదు అనుకున్నాక 14 రోజుల్లో ఆర్టీవోకి తెలియజేసి సీ బుక్ అప్పగించాలి. ఫైనాన్స్ ఉన్న బండి అయితే ముందు బ్యాంకు నుంచి అప్పు తీరిపోయిందనే కాగితం, ఎన్‌వోసీ, తీసుకోవాల. ఎవురికి ఇచ్చినా డబ్బులు బ్యాంకు ఖాతాలో వేయించుకోండి, ఇచ్చినట్టు సంతకం పెట్టిన కాగితం తీసుకోండి, ఛాసిస్ నంబరు ఫోటో దగ్గర పెట్టుకోండి.

2021 నవంబర్ లో పెన్నా వరదకి నెల్లూరు, కోవూరు వైపు నీళ్ళలో మునిగిన కార్లు ఎన్నో. అట్టాంటప్పుడు ఇన్సూరెన్స్ వాళ్ళు టోటల్ లాస్, అంటే బాగుచేయడం గిట్టుబాటు కాదు అని తేలిస్తే ఐడీవీ, అంటే పాలసీలో రాసిన బండి విలువ, ప్రకారం డబ్బులు వస్తయ్, తుక్కు రేటుకి అమ్మేసే ముందు పాలసీ తీసి చూడాల. ఇంకా, క్లెయిమ్ చేయకుండా నడిపినోళ్ళకి నో క్లెయిమ్ బోనస్ ఉంటది, 50 శాతం వరకు, అది బండిది కాదు ఓనర్ ది, బండి ఇచ్చేసేటప్పుడు కంపెనీ దగ్గర లెటర్ తీసుకుంటే మూడేళ్ళ లోపు కొత్త కారు పాలసీకి వాడుకోవచ్చు. చానామంది దీన్ని వదిలేసుకుంటన్నారు. ఫాస్టాగ్ కూడా క్లోజ్ చేయించుకోండి, దాంట్లో మిగిలిన డబ్బులు, డిపాజిట్ మనవే.

మీ పేపర్లో ధాన్యం పుట్టి రేటు, రొయ్యల కౌంట్ రేటు రోజూ వేస్తారు, రైతులు అది చూసే బేరం ఆడతారు. అట్నే వారానికి ఒకసారి జిల్లా పేజీలో పాత ఇనుము, అల్యూమినియం, రాగి, బ్యాటరీ తూకం రేట్లు కూడా వేయమని అడుగుతన్నా. నెల్లూరు, ఒంగోలు ఆర్టీవో ఆఫీసుల్లో కూడా రిజిస్టర్డ్ స్క్రాపింగ్ సెంటర్ల లిస్టు, సీ బుక్ క్యాన్సిల్ కి ఏం కాగితాలు కావాలో, రోడ్డు టాక్స్ లో ఎంత తగ్గుద్దో తెలుగులో పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టించాలని అధికారులకి మీ పేపర్ ద్వారా విన్నవించుకుంటన్నా.

ఇట్లు,
కావలి నుంచి మీ పాఠకుడు