మోతీ పొట్ట మీది ఎరుపు గురించి

బిడ్డా,

నీ కుక్క మోతీ ఫోటోలు మీ అమ్మ, నేను ఇద్దరం మంచిగ పెద్దగ చేసి చూసినం. పొట్ట మీద, తొడల లోపట ఎర్రగ అయ్యి పొట్టు లేస్తుంది గదా, నువ్వు గోమార్లు అనుకొని షాంపూ మారుస్తా అంటున్నవ్, ఇక్కడ బల్లార్షాల పశువుల డాక్టర్ సాబ్‌కు చూపిస్తే చేత్తోని ముట్టి చూడకుండ గట్టిగ చెప్పలేను గని తెల్ల కుక్క, పల్చటి బొచ్చు, నాకైతే ముందుగాల ఎండ మీదనే అనుమానం అన్నడు.

మన చంద్రపూర్ ఎండలు చూసినోళ్లం, వడదెబ్బకైతే అందరం భయపడతం. ఇది వేరే బిడ్డా. వేడితోని కాదు, ఎండలుండే అల్ట్రావయొలెట్ కిరణాలతోని వస్తది, అందుకే నాగ్‌పూర్ల చలి పెడుతున్నా సరే, రోజూ టెర్రస్ మీద గంటలు గంటలు వెల్లకిల పండుకుంటే తోలు ఖరాబైతనే ఉంటది. పొట్ట మీద బొచ్చే ఉండదాయె, తెల్లగున్న కాడ తోలుకు రంగునిచ్చి ఎండ నుంచి కాపాడే మెలనిన్ కూడ ఉండది. ఒకటి చూడు, దాని నల్ల మచ్చల కాడ తోలు బాగుండి పక్కన తెల్లగున్న కాడనే ఎర్రగైతే అది ఎండ పనే అని చాన వరకు అనుకోవచ్చు. ముక్కు మీద, చెవుల కొసలకు కూడ చూడు.

ఇప్పుడు ఎరుపే కాబట్టి ఎండ తప్పిస్తే తగ్గొచ్చు. ఏండ్ల తరబడి గిట్లనే నడిస్తే తోలు మందమై గట్టిపడి, నల్ల పొక్కులు, పుండ్లు, చెక్కులు కట్టుడు, ఆఖరికి క్యాన్సర్ దాక పోతది, స్క్వామస్ సెల్ కార్సినోమా అంటరు. నిన్ను భయపెడదామని కాదురా, తెల్వకుంటెనే నష్టం.

పొద్దున 10 నుంచి 4 దాక టెర్రస్ తలుపు పెట్టెయ్యి, వాకింగ్‌కు తెల్లారంగనే తీస్కపో. పొట్ట కప్పేటట్టు పల్చటి కాటన్ బనీను తొడుగు. నువ్వు పెట్టుకునే సన్‌స్క్రీన్ మాత్రం అస్సలు రాయకు, దాంట్ల జింక్ ఆక్సైడ్ ఉంటే అది నాకి నాకి కడుపులకు పోతది, రక్తం పాడైతది. కుక్కల కోసం చేసినవి ఉంటయ్, డాక్టర్‌ను అడిగే కొను. ఉక్కపోస్తుందని బొచ్చు మొత్తం గీకియ్యకు, ఉన్న అడ్డం కూడ పోతది.

మానని పుండు గని, గడ్డ లెక్క గని చేతికి తగిలితే మందు రాసుకుంట కూసోకు, చిన్న ముక్క తీసి బయాప్సీకి, అంటే ల్యాబ్‌ల పరీక్షకు, పంపాలె. ఈ వారమే చూపించి డాక్టర్ ఏమన్నడో ఫోన్ చెయ్యి, పైసలు తక్కువైతే చెప్పు, నేను పంపుతా.

మీ బాపు