నల్లా తెల్లా చూసి అడగకండి

సంపాదకుల వారికి,

"మీ దగ్గర ఆసుపత్రికి వెళ్తే ఏ జాతివాళ్లో చెప్పమంటారటగా?" అని మొన్న మా అన్నయ్య ఫోన్లో నిలదీశాడు. ఆ అడిగేవాళ్లలో నేనూ ఒకదాన్ని. కెనడాలోని విన్నిపెగ్‌లో ఒక ఎమర్జెన్సీ విభాగంలో పేర్లు నమోదు చేసే కౌంటర్లో పనిచేస్తున్నాను. మా మానిటోబా రాష్ట్రంలో 2023 నుంచి పేరు, పుట్టిన తేదీతోపాటు ఈ ప్రశ్నా వేస్తున్నాం: మీరు ఫస్ట్ నేషన్స్, మేటీ (ఆదివాసీ, యూరోపియన్ల మిశ్రమ సంతతి), ఇన్యూట్ అనే ఇక్కడి ఆదివాసీ ప్రజల్లో ఒకరా? చెప్పడం, మానడం వాళ్లిష్టం. చెప్పకపోయినా వైద్యం ఆగదు.

అన్నయ్యకు బ్రయన్ సింక్లెయిర్ గురించి చెప్పాను. 45 ఏళ్ల ఆదివాసీ, రెండు కాళ్లూ లేవు. 2008 సెప్టెంబరులో క్లినిక్ డాక్టరిచ్చిన చీటీ పట్టుకుని, చక్రాల కుర్చీలో ఈ ఊళ్లోనే ఎమర్జెన్సీకి వచ్చాడు. మూత్రం పోవడానికి పెట్టిన గొట్టం మూసుకుపోయి ఇన్‌ఫెక్షన్ వచ్చింది. గొట్టం మార్చి, యాంటీబయాటిక్స్ ఇస్తే బతికే మనిషి. 34 గంటలు వెయిటింగ్ రూములోనే ఉండి, ఆ కుర్చీలోనే పోయాడు. తాగి ఉన్నాడనో, తలదాచుకోవడానికి వచ్చాడనో అనుకున్నారు. ఆయన పేరే నమోదు కాలేదు. నా కౌంటర్లో కూర్చున్నప్పుడల్లా ఈ ఒక్క మాట నన్ను కలచివేస్తుంది.

ఒక్కరికి జరిగితే పొరపాటని సర్దిచెబుతారు. ఎవరెంతసేపు కూర్చున్నారు, ఎవరు డాక్టర్ని చూడకుండానే విసిగి వెళ్లిపోయారు అన్న లెక్క జాతులవారీగా ఉంటే అలా సర్దిచెప్పలేరు. ఈ ప్రశ్న అందుకే.

మొదట్లో నేనే తప్పు చేశాను. తెల్లగా కనిపించినవాళ్లను ఈ ప్రశ్న అడక్కుండా వదిలేసేదాన్ని. ఒకరోజు నీలికళ్ల పెద్దావిడ, వెనకాయనను అడగడం విని మళ్లీ నా దగ్గరకొచ్చింది. "నన్నెందుకు వదిలేశావమ్మా? నేను మేటీని" అంది. ఆమె ముఖం చూసి నేనే జవాబు రాసేసుకున్నానన్న మాట! ఆ రోజునుంచి అందరినీ అడుగుతున్నాను.

చేతికి గుడ్డ చుట్టుకొచ్చిన ఇంకొకాయన "చెబితే ఇంకా వెనక్కి నెడతారా?" అన్నాడు. ఆదివాసీ పిల్లల్ని తల్లుల దగ్గర్నుంచి లాక్కెళ్లిన రెసిడెన్షియల్ స్కూళ్లు 1990ల దాకా నడిచిన దేశమిది. ఆ భయం ఊరికే రాలేదు. ఎవరు ముందో నర్సు జబ్బు తీవ్రతను బట్టి 1 నుంచి 5 వరకు అంకె వేసి తేలుస్తుందనీ, ఈ జవాబుకు దానితో పని లేదనీ చెప్పాను. అయినా ఆయన చెప్పనన్నాడు. అదే నమోదు చేశాను.

ఇక్కడి ఆసుపత్రుల్లో ఉద్యోగాలకు చేరుతున్న మన తెలుగు పిల్లలకు నా విన్నపం. స్క్రీన్ చూస్తూ ప్రశ్నను గడగడా చదివేయకండి. ఎందుకు అడుగుతున్నారో ముందు ఒక్క ముక్క చెప్పండి. అధికారులకూ ఒక మాట. వెనక పదిమంది నిలబడి వింటుంటే ఎవరు మనసు విప్పుతారు? జవాబులు అచ్చువేసిన అట్టముక్క ఒకటి కౌంటర్లో పెట్టించండి. వేలు పెట్టి చూపిస్తే చాలు.

— ఒక తెలుగు ఉద్యోగిని, విన్నిపెగ్