ఏప్రిల్ నుంచి వండిన కూరలు ఆపేస్తున్నాం, ఎందుకో చెప్తాను

అందరికీ నమస్కారం. విజయనగరంలో మా దగ్గర ఫ్రీజర్ పాకెట్లు తీసుకునే ప్రతి ఇంటికీ చేరాలని ఇది రాస్తున్నాను. ఏప్రిల్ ఒకటి నుంచి పూర్తిగా వండిన కూరలు ఆపేస్తున్నాం. చికెన్ కూర, గుత్తివంకాయ, కుర్మా, సాంబారు, ఇవేవీ ఇక ఉండవు. ఉల్లి టమాటా ముద్ద, ఉడికించిన పనస పొట్టు, కొబ్బరి కోరు, చింతపండు గుజ్జు, ఉడికించిన శనగలు, రాజ్మా, నూనెలో మగ్గించిన గోంగూర, సగం కాల్చిన చపాతీలు ఉంటాయి. ఇంకొన్ని కలుస్తాయి కూడా. నెలాఖరుకి లెక్క చూసుకుంటే మాకు ఎక్కువ మిగిలేది వండిన కూరల మీదే, అది తెలిసే ఆపుతున్నాను, అందుకే కారణం మీకు పూర్తిగా చెప్పాలి.

ఇబ్బందంతా కూరని చల్లార్చడం దగ్గర ఉంది. పొయ్యి మీంచి దించిన కూర 60 డిగ్రీల నుంచి 21 డిగ్రీలకు రెండు గంటల్లోపు దిగాలి, అక్కడా ఆగకుండా 5 డిగ్రీలకు చేరాలి. మధ్యలో ఎంతసేపు గోరువెచ్చగా ఉంటే సూక్ష్మక్రిములు అంత పెరుగుతాయి. ఫ్రీజర్ వాటిని చంపేస్తుందని చాలామంది అనుకుంటారు. చంపదు, పెరగకుండా ఆపుతుంది అంతే, కరిగాక మళ్లీ మొదలవుతాయి. మన ఊళ్లో ఏప్రిల్ మధ్యాహ్నం గదిలో గాలే 35 డిగ్రీలు దాటుతుంటే ఫ్యాను కింద పెట్టినంత మాత్రాన కూర 21కి ఎలా దిగుతుంది? ఐసు నీళ్లలో గిన్నె దించి కలుపుతూ కూర్చోవాలి. నలుగురికి సరిపడా కూరైతే అలా తొందరగానే చల్లారుతుంది. పెద్ద డేగిసా నిండా చిక్కటి గ్రేవీ ఉంటే పైన చెయ్యి పెట్టినప్పుడు చల్లగానే తగులుతుంది, నడిమధ్యలో మాత్రం గంటల కొద్దీ వేడి అలాగే ఉంటుంది. పెద్ద పెద్ద వంటశాలల్లో దీనికోసం బ్లాస్ట్ చిల్లర్ అనే మెషిన్ పెడతారు, అది లక్షల్లో ఉంటుంది. మామూలు డీప్ ఫ్రీజర్ పని గడ్డకట్టినవాటిని అలాగే ఉంచడం, అందులో వేడి గిన్నె పెడితే పక్కనున్న పాకెట్లు కూడా మెత్తబడతాయి.

ఇన్నాళ్లూ చిన్న గిన్నెల్లో వండి, పళ్లేల్లో పలచగా పరిచి, ఐసు మీద చల్లార్చి, థర్మామీటర్ గుచ్చి చూసుకున్నాకే పాకెట్ చేశాం. కిందటి సిరిమాను పండగకి చుట్టాలొచ్చిన ఇళ్ల నుంచి ఆర్డర్లు ఒక్కసారిగా పెరిగాయి, పండగ అయ్యాక తగ్గుతాయనుకుంటే తగ్గలేదు. సంతోషమే. కానీ ఇంత కూర ఈ పద్ధతిలో చల్లార్చాలంటే మా వంటింట్లో చోటు చాలదు, మనుషులూ చాలరు. పెద్ద గిన్నెల్లోకి మారిపోయి, మధ్యలో వేడి దిగిందో లేదో చూడకుండా కవర్లలో నింపెయ్యడం నావల్ల కాదు. ఆ కూర రెండేళ్ల పిల్లల కంచాల్లోకి వెళ్తుంది, షుగర్ ఉన్న పెద్దవాళ్ల కంచాల్లోకీ వెళ్తుంది.

ఇంకో కారణం రుచి. మీలో చాలామంది పొద్దున్నే విశాఖ రైలు పట్టుకునేవాళ్లు, బొబ్బిలి, గజపతినగరం వైపు బడులకి వెళ్లే టీచర్లు, పైడిభీమవరం కంపెనీల్లో షిఫ్టులు చేసేవాళ్లు. సాయంత్రం ఏడింటికి ఇల్లు చేరేసరికి పిల్లలు ఆకలి మీద ఉంటారు, అప్పుడు ఉల్లిపాయ తరగడం మొదలుపెట్టే ఓపిక ఎవరికీ ఉండదు. ఆ ఇళ్లలో ఏం జరుగుతోందో మీరే నాకు చెప్తున్నారు. చికెన్ కూర పాకెట్ మొదటి వారం ఇష్టంగా తిన్న పిల్లలు మూడో వారం పక్కకి నెట్టేస్తున్నారు. అదే మా ఉల్లి టమాటా ముద్దతో ఇంట్లో అప్పటికప్పుడు కలిపిన కూర ఖాళీ అవుతోంది. ఫ్రీజర్‌లో ఉన్నకొద్దీ కొన్ని మసాలాల తీరు మారిపోతుంది, లవంగం, మిరియం, వెల్లుల్లి ఘాటు పెరిగి చేదుకి తిరుగుతాయి. పోపు వాసన నిలవదు. కొత్తిమీర నల్లబడుతుంది. చివర్లో వెయ్యాల్సినవి చివర్లో, మీ పొయ్యి మీద పడితేనే అది ఆ రోజు కూరలా ఉంటుంది.

వంటలో ఎక్కువసేపు తినేసే పనులన్నీ మేం చేసి గడ్డకట్టించి ఇస్తాం, ఆఖరి పదిహేను నిమిషాలు మీరు చెయ్యండి. ఉల్లిపాయ దోరగా వేగడానికే అరగంట పైన పడుతుంది, ఆ అరగంట మాది. ముద్దలో ఉల్లి, టమాటా, అల్లం, పసుపు, కొద్దిగా ఉప్పు తప్ప ఇంకేం వెయ్యం. గరం మసాలా, వెల్లుల్లి మీరే వేసుకోండి. మూకుట్లో కాస్త నీళ్లు పోసి గడ్డనే నేరుగా వేసి మూతపెట్టండి, కరిగి బుడగలు బాగా రేగాక గుడ్లు వేస్తారో, శనగలు వేస్తారో, పనీర్ వేస్తారో మీ ఇష్టం.

పనస పొట్టు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఇప్పుడు దాని రోజులు కదా. లేత కాయని కొట్టి పొట్టు చెయ్యడం ఎంత పనో, చేతులకి కత్తికి అంటిన ఆ జిగురు ఎంత నూనె రాసినా ఎలా వదలదో తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. పచ్చి పొట్టు అలాగే ఫ్రీజర్లో పెడితే నల్లబడుతుంది, అందుకని పసుపు, ఉప్పు వేసి ఉడికించి, వార్చి, గట్టిగా పిండి ఇస్తాం. ఆవ పెట్టి ఇమ్మని చాలామంది అడిగారు. ఇవ్వను. ఆవ ఘాటు నూరిన కాసేపటికే తగ్గడం మొదలవుతుంది, మళ్లీ వేడి చేస్తే పూర్తిగా పోతుంది, ఇంకాస్త ఉడికితే చేదు కూడా వస్తుంది. ఆవ నూరడానికి ఐదు నిమిషాలు పడుతుంది, పొయ్యి ఆపేశాక కలపండి, మీ అమ్మమ్మ గారి ఇంట్లో తిన్న కూర అలాగే వస్తుంది.

కొబ్బరి కోరు చాలా బాగా నిలుస్తుంది, గట్టిగా ఉన్నప్పుడే కావల్సినంత విరిచి వాడుకోవచ్చు. చింతపండు గుజ్జు ఐసు ట్రేల్లో పోసి బిళ్లలు చేస్తున్నాం, చారుకి ఒకటి, పులుసుకి రెండో మూడో సరిపోతాయి. ఉడికించిన పప్పు కరిగాక గట్టిపడుతుంది, పాడైందనుకోకండి, వేడినీళ్లు పోసి కలిపితే మామూలు అయిపోతుంది.

బంగాళదుంప కూర అడగొద్దు. నెమ్మదిగా గడ్డకట్టినప్పుడు లోపలి నీళ్లు పెద్ద పెద్ద మంచు పలుకులవుతాయి, అవి దుంప కణాల్ని చీల్చేస్తాయి, కరిగాక నీళ్లు వేరు, పిండి వేరు అయిపోతుంది. సొరకాయ, దోసకాయ కూడా అంతే. ఉడికిన గుడ్డు తెల్లసొన రబ్బరులా సాగుతుంది, పెరుగు కలిపిన గ్రేవీ విరుగుతుంది. చేపల పులుసు నేను ఎప్పుడూ అమ్మలేదు, ఇక ముందూ అమ్మను. భోగాపురం, పూసపాటిరేగ తీరం నుంచి తాజా చేప వచ్చే ఊళ్లో ఉండి, వండి ఫ్రీజర్లో పెట్టుకోవడం నాకు నచ్చదు. పులుసు ఒక రోజు ఫ్రిజ్‌లో కింద ఉంటే బాగుంటుంది, అక్కడితో సరి.

ఇప్పుడు పాకెట్ సైజు. కుటుంబాలు పెరిగాయి. మొదట్లో ఇద్దరే ఉండి తీసుకునేవాళ్ల ఇళ్లలో ఇప్పుడు ఇద్దరు పిల్లలు, వాళ్లని చూసుకోవడానికి వచ్చిన అత్తగారు మామగారు, పదో తరగతికి వచ్చిన అబ్బాయి ఒక్కడే ఇద్దరి తిండి తింటున్నాడు. "అప్పా, కిలో పాకెట్ పెట్టొచ్చు కదా, రేటు కూడా తగ్గుతుంది" అని అడుగుతున్నారు. తగ్గుతుంది, నిజమే, కవర్ల ఖర్చు నాకూ మిగులుతుంది. అయినా 300 గ్రాములే ఉంచుతున్నాను. కిలో గడ్డ లోపలిదాకా గడ్డకట్టడానికీ ఆలస్యమే, కరగడానికీ ఆలస్యమే, పైగా కరిగినదంతా వాడెయ్యాలి, మిగిలింది మళ్లీ లోపల పెట్టకూడదు. పలకలా పలచగా ఉన్న చిన్న పాకెట్ తొందరగా గడ్డకడుతుంది, నిలబెట్టి వరసగా సర్దుకోవచ్చు, ఆ రోజు ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని తీసుకోవచ్చు. పెద్ద కుటుంబాలకి ఆరు పాకెట్లు కలిపి తీసుకుంటే ధర తగ్గిస్తాను, కిలో పాకెట్‌కి ఎంత మిగిలేదో అంత మీకు మిగిలేలా.

ఏడాది లోపు పిల్లలున్న తల్లులకి ఒక మాట. వాళ్లకి ఉప్పు, పంచదార, తేనె వెయ్యొద్దని డాక్టర్లు చెప్తారు, మా ముద్దలో ఉప్పు ఉంది, కాబట్టి అది పెట్టకండి. గుమ్మడి, క్యారెట్, బీన్స్ మెత్తగా ఉడికించి ఐసు ట్రేలో పోసుకోండి, పూటకి ఒకటో రెండో బిళ్లలు బాగా వేడి చేసి చల్లార్చి పెట్టొచ్చు. పాప గిన్నెలో మిగిలింది మాత్రం మళ్లీ దాచొద్దు, చెంచాతో పాటు ఎంగిలి అందులోకి వెళ్లిపోతుంది. చోడి (రాగి) జావకి ఫ్రీజర్ అక్కర్లేదు, అది కాచడానికి ఎంతసేపు.

ఇవన్నీ ఇంట్లో మీరే చేసుకోవాలనుకుంటే ఇంకా సంతోషం, అడిగితే దేన్నెలా చెయ్యాలో చెప్తాను. ఆదివారం రైతు బజారుకి వెళ్లొచ్చాక రెండు గంటలు పెట్టుకోండి. ఒక పొయ్యి మీద ఉల్లిపాయలు, ఇంకో పొయ్యి మీద కుక్కర్లో శనగలు పెడితే అవి అయ్యేలోపు అల్లం నూరుకోవచ్చు, కొబ్బరి కోరుకోవచ్చు. చికెన్ తెస్తే వండాల్సినంత వండి, మిగిలిన పచ్చిదానికి ఉప్పు, పసుపు, అల్లం పట్టించి అదే రోజు పలచగా పరిచి గడ్డకట్టించండి. వాడే ముందు రోజు రాత్రి ఫ్రిజ్‌లో కింది అరలోకి దించాలి, గట్టు మీద పెట్టి కరిగించకూడదు. డబ్బాల్లో పెడితే పైన కాస్త ఖాళీ వదలండి, నీళ్లు గడ్డకడితే దాదాపు తొమ్మిది శాతం ఉబ్బుతాయి, నిండా పోసిన గాజు సీసా పగులుతుంది. కవరులో గాలి మొత్తం నొక్కేసి, పేరూ తేదీ రాయండి, మూడు వారాలయ్యాక ఏది గోంగూరో ఏది తోటకూరో ఎవరూ చెప్పలేరు.

సింగిల్ డోర్ ఫ్రిజ్ ఉన్నవాళ్లు మా పాకెట్లు వారంలోపు వాడెయ్యండి. పైన ఉండే ఆ చిన్న గదిలో చాలాసార్లు మైనస్ 18 డిగ్రీలు నిలవవు. ఐస్‌క్రీమ్ పెట్టి చూడండి, రాయిలా గట్టిగా ఉండకపోతే అక్కడ చలి చాలడం లేదన్నట్టు. డబుల్ డోర్ అయితే పాకెట్ మీద వేసిన తేదీ వరకు నమ్మకంగా ఉంచుకోవచ్చు.

ఎండాకాలం వస్తోంది, కరెంటు గురించి అడుగుతారు. కరెంటు పోగానే ఫ్రీజర్ తలుపు తీసి చూడాలనిపిస్తుంది, తియ్యకండి. నిండుగా ఉన్న ఫ్రీజర్ తలుపు తియ్యకపోతే రెండు రోజుల దాకా, సగం నిండినది ఒక రోజు గడ్డగా నిలుస్తుంది, కింద ఫ్రిజ్ మాత్రం నాలుగు గంటలే. ఖాళీ ఉంటే నీళ్ల సీసాలు పెట్టి నింపండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చాక మన జిల్లాలో రోజుల తరబడి కరెంటు లేదు, అలాంటప్పుడు ఏదీ మిగలదు, దేనికీ ఆశపడకూడదు. పండగకి ఊరెళ్లేవాళ్లు గ్లాసులో నీళ్లు గడ్డకట్టించి పైన రూపాయి బిళ్ల పెట్టి వెళ్లండి. తిరిగొచ్చేసరికి బిళ్ల అడుగుకి చేరి ఉంటే మధ్యలో అంతా కరిగి మళ్లీ గడ్డకట్టిందన్నమాట, పాకెట్లన్నీ పారెయ్యాలి. పైనే ఉంటే బాగున్నట్టే. కరిగినా లోపల మంచు పలుకులు ఇంకా కనిపిస్తుంటే మళ్లీ గడ్డకట్టించొచ్చు, రుచి కొద్దిగా తగ్గుతుంది.

ధరలు కూడా చెప్పేస్తాను. ఉల్లి ముద్ద, గోంగూర పాకెట్‌కి పది రూపాయలు పెరుగుతున్నాయి. గ్యాసు, కవర్లు రెండూ పెరిగాయి, ఇక వండిన కూరల మీద వచ్చే లాభంతో వీటిని సర్దే వీలుండదు. చపాతీలు, కొబ్బరి, చింతపండు పాత ధరే.

డెలివరీ ఇక మంగళ, శనివారాలు మాత్రమే, సాయంత్రం ఆరు దాటాక, ఎండ తగ్గాక. దాసన్నపేట, కంటోన్మెంట్ వైపు మేమే తెచ్చిస్తాం, నెల్లిమర్ల వాళ్లు మాత్రం థర్మాకోల్ పెట్టె తెచ్చుకుని తీసుకెళ్లండి. దారిలో గంట కంటే ఎక్కువ పడుతుందనుకుంటే ముందే చెప్పండి, ఐసు బ్యాగులు వేసి ఇస్తాం, మళ్లీసారి వచ్చినప్పుడు వాటిని తిరిగి తెచ్చెయ్యండి. కూరల కోసం ముందుగా డబ్బులు కట్టిన వాళ్లకి మొత్తం వెనక్కి వేస్తాను, లేదా ముద్ద పాకెట్లలోకి మార్చుకోవచ్చు, ఏది కావాలో ఒక మెసేజ్ పెట్టండి చాలు. పనస పొట్టు మొదటి దఫా ఈ శనివారం ఇస్తాం, కాయలు గురువారం కొంటాను కాబట్టి కావల్సినవాళ్లు బుధవారం రాత్రిలోపు చెప్పండి.