రెండు పాయింట్ల తేడాను అదృష్టం ఖాతాలో వేయకండి

సంపాదకులకు,

2025 ఫార్ములా వన్ సీజన్‌పై మీ క్రీడా పేజీలో వచ్చిన సమీక్ష చదివాను. టైటిల్ గెలిచిన లాండో నోరిస్‌కు 423 పాయింట్లు, మాక్స్ వెర్‌స్టాపెన్‌కు 421, ఆస్కార్ పియాస్ట్రీకి 410. మొత్తాలు సరిగ్గానే ఇచ్చారు. కానీ ఆ రెండు పాయింట్ల తేడాను ‘అదృష్టం’ అన్న ఒక్క మాటతో తేల్చేశారు. మోంజా (ఇటలీ) రేసులో మెక్‌లారెన్ జట్టు తన డ్రైవర్లయిన నోరిస్, పియాస్ట్రీల స్థానాలు మార్చకపోయి ఉంటే టైటిల్ వెర్‌స్టాపెన్‌దేనని కూడా రాశారు. అది సగం లెక్కే.

మోంజాలో నోరిస్ రెండో స్థానంలో, పియాస్ట్రీ మూడో స్థానంలో ఉండగా జట్టు టైర్లు మార్చడానికి ముందుగా పియాస్ట్రీని పిట్‌లోకి పిలిచింది. తర్వాత వచ్చిన నోరిస్‌కు ముందు ఎడమ చక్రం దగ్గర ఇబ్బంది రావడంతో 5.9 సెకన్లు పట్టింది. అతను ట్రాక్‌పైకి వచ్చేసరికి పియాస్ట్రీ ముందున్నాడు. జట్టు చెప్పడంతో స్థానం తిరిగిచ్చేశాడు. రెండో స్థానానికి 18 పాయింట్లు, మూడో స్థానానికి 15. ఆ మూడు పాయింట్లు తీసేస్తే నోరిస్‌కు 420 వస్తాయి, వెర్‌స్టాపెన్ ఒక్క పాయింట్‌తో గెలుస్తాడు. తీసివేత వరకూ తప్పేమీ లేదు. అదే తీసివేత జూన్ 1న జరిగిన బార్సిలోనా రేసుకు ఎందుకు చేయలేదన్నదే నా ప్రశ్న.

అక్కడ వెర్‌స్టాపెన్‌ది టైర్ల కోసం మూడుసార్లు ఆగే ప్రణాళిక. అందుకోసం పట్టు ఎక్కువ, మన్నిక తక్కువ ఉండే సాఫ్ట్ టైర్లు వాడేశాడు. చివర్లో కిమీ ఆంటొనెల్లి కారు ఆగిపోయి, అందరినీ తన వెనక నెమ్మదిగా నడిపించే సేఫ్టీ కార్ వచ్చింది. ముందున్నవాళ్లంతా మళ్లీ సాఫ్ట్ టైర్లకు మారితే, అతని జట్టు రెడ్‌బుల్ దగ్గర మిగిలిన కొత్త సెట్ హార్డ్ ఒక్కటే, దాన్నే బిగించారు. హార్డ్ టైర్ వేడెక్కడానికి సమయం తీసుకుంటుంది. సేఫ్టీ కార్ వెనక నెమ్మదిగా తిరిగేటప్పుడు వేడి, గాలి ఒత్తిడి రెండూ పడిపోతాయి. రేసు మళ్లీ మొదలవుతూనే కారు జారింది, ఫెరారీ డ్రైవర్ లెక్లెర్ దాటేశాడు. తర్వాత మొదటి మలుపులో జార్జ్ రస్సెల్‌తో తగువు పడింది. స్థానం ఇచ్చేయమని జట్టు చెప్పింది. వెర్‌స్టాపెన్ వేగం తగ్గించినట్టే తగ్గించి రస్సెల్‌ను గుద్దాడు. 10 సెకన్ల జరిమానా పడింది. మామూలుగా అయితే పది సెకన్లకు ఒకటో రెండో స్థానాలు పోతాయి. సేఫ్టీ కార్ తర్వాత కార్లన్నీ ఒకదాని తోక పట్టుకుని మరొకటి ఉండటంతో ఐదో స్థానం నుంచి పదో స్థానానికి జారిపోయాడు. పది పాయింట్లు రావాల్సిన చోట ఒకటే వచ్చింది. పోయినవి తొమ్మిది, టైటిల్ పోయింది రెండింటితో. దీన్ని అదృష్టం అనడం కష్టం.

ఇక లాస్ వేగస్. ఆ రేసు గురించి మీ సమీక్షలో ఉన్నది ‘సాంకేతిక కారణాలతో’ అన్న రెండు మాటలు. సీజన్‌లో అసలు వివరించాల్సింది అదే.

ఫార్ములా వన్ కారు అడుగున, మధ్యలో ముందు నుంచి వెనక్కి ఒక పలక ఉంటుంది. కొత్తదాని మందం 10 మిల్లీమీటర్లు, అటూ ఇటూ 0.2 తేడా ఉండొచ్చు. రేసు అయ్యాక నిర్ణీత రంధ్రాల దగ్గర కొలిస్తే ఎక్కడా 9 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. కారును నేలకు ఎంత దగ్గరగా దించితే అడుగున గాలి అంత బలంగా లాగి కారును రోడ్డుకు అదిమి పడుతుంది, మలుపుల్లో అంత వేగం దక్కుతుంది. అందుకే ప్రతి జట్టూ మిల్లీమీటర్ల కోసం కొట్లాడుతుంది. దాన్ని అదుపులో పెట్టడానికే ఈ పలక. నోరిస్ కారు పలక ఒకచోట 8.88, మరోచోట 8.93 మిల్లీమీటర్లు వచ్చింది. పియాస్ట్రీ కారుది 8.74 దాకా అరిగింది. ఇద్దరిపైనా అనర్హత వేటు పడింది. నోరిస్‌కు 18, పియాస్ట్రీకి 12 పాయింట్లు పోయాయి.

ఎందుకు అరిగింది? ప్రాక్టీస్ సెషన్లకు ఎర్రజెండాలు, తడి అడ్డుపడ్డాయి, బయల్దేరే స్థానాలు తేల్చే క్వాలిఫయింగ్ వానలోనే జరిగింది. పొడి ట్రాక్‌పై నిండు ఇంధనంతో ఎక్కువ ల్యాపులు తిరిగి చూసే అవకాశం దొరకలేదు. క్వాలిఫయింగ్ మొదలయ్యాక కారు ఎత్తు మార్చకూడదు. మార్చితే పిట్ లేన్ నుంచి బయల్దేరాలి. రేసులో కారు అనుకున్నదానికంటే ఎక్కువగా పైకీ కిందికీ ఎగిరిపడింది. దీన్నే పోర్పాయిజింగ్ అంటారు. అలా పడిన ప్రతిసారీ పలక రోడ్డుకు రాసుకుంటుంది. పొడవాటి స్ట్రెయిట్ చివర, గాలి ఒత్తిడి ఎక్కువగా ఉండేచోట ఇంకా ఎక్కువ. చివరి ల్యాపుల్లో నోరిస్ వేగం బాగా తగ్గించడం చూసి చాలామంది ఇంధనం అయిపోతోందనుకున్నారు. పలక అరగడం కావాలని చేసింది కాదని స్టివార్డులు (రేసు తీర్పరులు) ఒప్పుకున్నారు. అయినా ఈ నిబంధనకు ఉద్దేశంతో పని లేదు, కొలతతోనే పని. అదే సీజన్‌లో చైనా రేసులో హామిల్టన్ కారు పలక 8.5 వచ్చింది. అదే రోజు లెక్లెర్, గ్యాస్లీ కార్లు 800 కిలోల కనీస బరువుకు ఒక్క కిలో తగ్గాయి. ముగ్గురికీ అదే శిక్ష.

నోరిస్ పలక 9కి తగ్గిన ఆ 0.12 మిల్లీమీటర్ల విలువ ఎంతో చూడండి. వేగస్‌లో నోరిస్ రెండో స్థానం నిలిచి, మిగతావన్నీ జరిగినట్టే జరిగి ఉంటే, ఖతార్ తర్వాత అతనికి 426, వెర్‌స్టాపెన్‌కు 396 ఉండేవి. మిగిలింది గరిష్ఠంగా 25 పాయింట్లిచ్చే అబుదాబి ఒక్కటే. వెర్‌స్టాపెన్ ఆశలు అక్కడికే ముగిసేవి.

ఖతార్‌లో జరిగింది మాత్రం శుద్ధ కూడిక తప్పు. టైర్ల భద్రత దృష్ట్యా ఏ సెట్‌తోనూ 25 ల్యాపులకు మించి తిరగకూడదన్నారు. రేసు 57 ల్యాపులు. ఏడో ల్యాప్‌లో సేఫ్టీ కార్ వచ్చింది. ఏడు, ఇరవై ఐదు, ఇరవై ఐదు కలిపితే 57. సేఫ్టీ కార్ వెనక అందరూ నెమ్మదిగా ఉంటారు కాబట్టి, అప్పుడు ఆగినవాళ్లకు రెండు పిట్ స్టాప్‌లలో ఒకటి తక్కువ సమయం నష్టంతో అయిపోతుంది. వెర్‌స్టాపెన్‌తో పాటు దాదాపు అందరూ ఆగారు. మెక్‌లారెన్ ఇద్దరినీ ట్రాక్‌పైనే ఉంచింది. తర్వాత ఎప్పుడు ఆగాలో ఎంచుకునే వెసులుబాటు తమకుంటుందని వాళ్ల వాదన. మరో సేఫ్టీ కార్ కలిసొస్తే తప్ప ఆ వెసులుబాటుకు విలువ లేదు, అది కలిసి రాలేదు. వెర్‌స్టాపెన్ గెలిచాడు, పియాస్ట్రీ రెండో స్థానం, నోరిస్ నాలుగో స్థానం. నా దృష్టిలో సీజన్ మొత్తంలో అతి పెద్ద పొరపాటు ఇదే. మీ సమీక్షలో దీని ఊసే లేదు.

పేజీలో చోటు తక్కువన్నది తెలుసు. ఫలితాల పట్టికలో ప్రతి డ్రైవర్ పక్కన బయల్దేరిన స్థానం, ఆగిన ల్యాపులు, టైర్ల రకం, జరిమానా వేస్తే చాలు, పెద్ద వ్యాసం అక్కర్లేదు. జెండా ఊపగానే వచ్చేది తాత్కాలిక ఫలితమేనని, తనిఖీ ఇంకా ఉందని ఒక వాక్యం చేర్చండి. 2026లో కనీస బరువు 768 కిలోలకు తగ్గింది, రెక్కలు కదులుతాయి, ముందు కారును దాటడానికి వెనక రెక్క తెరిచే డీఆర్ఎస్ పోయింది, శక్తిలో దాదాపు సగం విద్యుత్‌దే. ఈ వివరాలు లేకుండా ఎవరు ఎందుకు గెలిచారో అర్థం చేసుకోవడం ఇంకా కష్టం.

ఇంకొకటి. సమీక్షతో పాటు వేసిన పట్టికలో లాస్ వేగస్ వరుసలో రెండో స్థానంలో ఇప్పటికీ నోరిస్ పేరే ఉంది. అక్కడ జార్జ్ రస్సెల్, మూడో స్థానంలో కిమీ ఆంటొనెల్లి ఉండాలి. సవరణ వేయగలరు.

ఇట్లు,
ఒక పాఠకుడు