చేతిపనుల పీరియడులో ఉబ్బసం పాఠం

సంపాదకులకు,

ఉబ్బసం ఉన్న పిల్లలకు మనం చెప్పేవన్నీ ‘వద్దు’లే. దుమ్ములో ఆడవద్దు, పొగ దగ్గరికి పోవద్దు, పరుగెత్తవద్దు. ఎందుకు వద్దో చెప్పం. తొమ్మిదేళ్ల మా అమ్మాయికి నేనూ ఇలాగే చెప్పుకొచ్చాను. మందు సరిగా వాడుతుంటే ఆటలు మానక్కర్లేదని డాక్టరు చెప్పేదాకా నాకే తెలియదు.

మొన్న సెలవురోజున ఇద్దరం ఒక అట్టగొట్టం ముందు వేసుకుని కూర్చున్నాం. అదే శ్వాసనాళం. లోపలి గోడకు బంకమన్ను మెత్తింది, అది వాపు. దానిమీద కాస్త జిగురు పూసింది, అది కఫం. పైన రబ్బరు బ్యాండ్లు చుట్టింది, అవి బిగుసుకునే కండరాలు. తర్వాత అందులో పెన్సిలు దూర్చబోయింది. దూరలేదు. “పిల్లికూతలు వచ్చేది ఇక్కడినుంచా అమ్మా?” అంది. ఆయాసం వచ్చినప్పుడు పీల్చే ఇన్‌హేలర్ చేసే పని ఇదేనంటూ బ్యాండ్లు ఒక్కొక్కటే తీశాను. “మరి లోపలి మన్ను?” అని అడిగింది. అది తగ్గడానికే రోజూ పీల్చే రెండో మందు అన్నాను. ఆరోజు నుంచి ఆ మందు కోసం తన వెంట పడాల్సిన అవసరం రాలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో 2019 నాటికి ఉబ్బసం ఉన్నవారు 26 కోట్ల పైచిలుకు. పిల్లల దీర్ఘవ్యాధుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. అందుకే ఈ పాఠం ఇంటికి పరిమితం కాకూడదు. వాసెలిన్ రాసిన అట్టముక్కలను తరగతిలో కిటికీ దగ్గర, బీరువా పైన రెండు రోజులు ఉంచి భూతద్దంతో చూపిస్తే, గాలిలో ఏముందో పిల్లలే చెబుతారు. పరుపుల్లో ఉండే దుమ్ముపురుగులు మాత్రం మిల్లీమీటరులో సుమారు మూడోవంతే ఉంటాయి, వాటిని బొమ్మ గీయించి చెప్పాలి. పుప్పొడి, బూజు, పెంపుడు జంతువుల చుండు, చలిగాలి, జలుబు, ఇలా ఒక్కొక్కరికి ఒక్కొక్కటి పడదు. ఎవరికి పడనిది వారే బొమ్మలుగా అతికించుకున్న పుస్తకం టీచరుకూ పనికొస్తుంది.

ఒక్క జాగ్రత్త. ఘాటు వాసన జిగురు, స్ప్రే రంగులు, సుద్దపొడి ఈ పనిలోకి రాకూడదు. ఆయాసం ఎలా ఉంటుందో తెలియడానికి సన్నని స్ట్రాతో ఊపిరి పీల్చే ఆటను ఉబ్బసం ఉన్న పిల్లల చేత ఆడించవద్దు.

చేతిపనుల పీరియడ్లలో కనీసం రెండింటిని దీనికి కేటాయించాలని, అంతకుముందే టీచర్లకు వైద్యుల చేత ఒక పూట శిక్షణ ఇప్పించాలని విద్యాశాఖ అధికారులను కోరుతున్నాను.

– ఒక తల్లి