శనివారం కనికపిలాకి నువ్వు వచ్చే ముందు

చిన్నీ,

మొన్న ఫోన్‌లో, వీడియో కాల్ చాలదా అని నువ్వు అడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పడం కుదరలేదు. ఇటు మీ అమ్మ కుక్కర్ కూతలు, అటు నీ రూమ్మేట్ల గోల. శనివారాలు మేం ఇంటర్నెట్‌లో చేసుకునే కనికపిలాలో, అంటే తీగలు వదులు చేసి వాయించే హవాయి స్లాక్ కీ గిటార్ గోష్ఠిలో, బోస్టన్ నుంచి నువ్వూ చేరతానన్నావు కదా, అందరికీ చెప్పాను. హవాయిలో వైమేయా ఊరి అంకుల్ "ఎప్పటినుంచి?" అని మాత్రమే అడిగారు. అక్కడే హిలో ఊరి ఆంటీ మాత్రం నువ్వు వాళ్ల వరండాలో యుకులేలే పట్టుకుని పాట సగంలో నిద్రపోయిన సంగతి అందరికీ మళ్లీ చెప్పి నవ్వించింది. హవాయిలోనూ పెద్దవాళ్లందరినీ అంకుల్, ఆంటీ అనే పిలుస్తారు కాబట్టి మనం అక్కడున్నన్నాళ్లూ నీకు కొత్త వరసలు నేర్పే పని లేకపోయింది.

ముందు గిటార్ సంగతి. నీ గిటార్ మామూలు ట్యూనింగ్‌లో ఉంటుంది, అంటే లావు తీగ నుంచి ఈ, ఏ, డి, జి, బి, ఈ. ఆరో తీగని, అంటే లావుదాన్ని, ఈ నుంచి డికి దించు. ఐదోదాన్ని ఏ నుంచి జికి దించు. చివరి సన్న తీగని కూడా ఈ నుంచి డికి దించు. మధ్యలో మూడు తీగల జోలికి వెళ్లకు. ఇప్పుడు ఎడమచేత్తో ఏమీ నొక్కకుండా ఆరు తీగలూ మీటితే జి మేజర్ కార్డ్ పలుకుతుంది. దీన్ని టారో ప్యాచ్ ట్యూనింగ్ అంటారు. హవాయిలో ఎక్కువమంది మొదట నేర్చుకునేది ఇదే. వదులు చేసిన తీగలు కాసేపు కుదురుగా ఉండవు, పది నిమిషాలాగి మళ్లీ సరిచేసుకో. సన్న సెట్ వేసి ఉంటే ఐదో తీగ మరీ వేలాడిపోయి జిర్రుమంటుంది. మొదటి తీగ 0.013 అంగుళం ఉండే మీడియం సెట్ కొనుక్కో.

ఇలాంటి ట్యూనింగులు ఇంకా బోలెడున్నాయి. మేజర్ సెవెంత్ స్వరం కలిసినవాటిని వహీనే ట్యూనింగులు అంటారు. మౌనా లోవా అని మరొకటి ఉంది. ఒకప్పుడు ఏ కుటుంబం ట్యూనింగ్ ఆ కుటుంబం గుట్టు. పాట అవగానే ఎవరికీ తెలియకుండా తీగలు మళ్లీ మామూలుగా బిగించేసేవాళ్లని చెబుతారు. వైమేయా అంకుల్ వాళ్ల తాత అయితే మనవడికి కూడా వీపు చూపించే వాయించేవాడట. ఇప్పుడు ఆ దాపరికం పోయింది. 1970లలో హవాయి గిటారిస్టు కియోలా బీమర్ నేర్చుకునేవాళ్ల కోసం పుస్తకమే వేశాడు. 1990లలో పియానో వాయిద్యకారుడు జార్జ్ విన్‌స్టన్ తన డాన్సింగ్ క్యాట్ కంపెనీ తరఫున రే కానే, సనీ చిల్లింగ్‌వర్త్ లాంటి పెద్దవాళ్ల వాయింపు రికార్డు చేసి, ఏ పాటకి ఏ ట్యూనింగో సీడీ లోపలి కాగితాల మీద అచ్చువేయించాడు. సంగీతం చచ్చిపోతుందన్న భయం లేకపోతే ఆ పెద్దలు అంత తేలిగ్గా ఒప్పుకునేవాళ్లు కాదని నా అనుమానం.

మీ తాతయ్యకి చెబితే "ఓ, హవాయన్ గిటారా, రేడియోలో సినిమా పాటలు వాయించేవాళ్లు" అంటారు. ఆయన చెప్పేది వేరు. అది ఒళ్లో పడుకోబెట్టి తీగల మీద ఇనుప కడ్డీ జార్చి వాయించే స్టీల్ గిటార్. హవాయి నుంచి కలకత్తా దాకా వచ్చి మనవాళ్ల చేతుల్లో పడింది, విశ్వమోహన్ భట్ మోహనవీణ ఆ వంశంలోదే. ఈ రెండు దారులూ తాకిన మనిషి ఒకడున్నాడు, అమెరికా గిటారిస్టు రై కూడర్. 1970లలో హవాయి వెళ్లి స్లాక్ కీలో పేరుమోసిన గ్యాబీ పహినుయి పక్కన కూర్చుని వాయించాడు. తర్వాత భట్ గారితో కలిసి చేసిన ఆల్బమ్‌కి గ్రామీ వచ్చింది. ఈసారి తాతయ్యకి ఫోన్ చేసినప్పుడు చెప్పు, సంబరపడతారు.

ఇప్పుడు అసలు చిక్కు. "వీడియో కాల్‌లో వాయించుకోవచ్చుగా నాన్నా" అన్నావు. వీడియో కాల్ తయారైంది మాటల కోసం. ఒకళ్లు మాట్లాడుతుంటే రెండోవాళ్ల మైకుని అదే నొక్కేస్తుంది. గిటార్ తీగ మోగుతూ మెల్లగా తగ్గిపోతుంటే అదేదో ఫ్యాన్ చప్పుడనుకుని మింగేస్తుంది. పైగా ఆలస్యం. మాటల్లో సెకనులో పదో వంతు ఆలస్యమైతే మనకి పట్టదు. తాళంలో అంత తేడా వస్తే పాట కుంటుతుంది.

ఎంత ఆలస్యాన్ని ఓర్చుకోగలం? గదిలో కూర్చున్నప్పుడూ ఆలస్యం ఉంటుంది. గాలిలో శబ్దం సెకనుకి 343 మీటర్ల చొప్పున పోతుంది కాబట్టి మీటరుకి దాదాపు 3 మిల్లీసెకన్లు. నీకు పది మీటర్ల దూరంలో ఎవరైనా వాయిస్తే 29 మిల్లీసెకన్ల తర్వాత వింటావు. 25, 30 దాకా మనిషి సర్దుకుపోతాడు, అది దాటితే అవస్థ మొదలవుతుంది. ఫైబర్ కేబుల్‌లో కాంతి సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. మన ఫ్రీమాంట్ నుంచి హిలోకి 3,700 కిలోమీటర్ల పైచిలుకు, అంటే దారికే 19 మిల్లీసెకన్లు. బోస్టన్ నుంచి హిలోకి 8,000 పైమాటే, అంటే 40. ఇది తీగ లాగినట్టు తిన్నగా పోతే పట్టే లెక్క. నిజం కేబుళ్లు ఒంపులు తిరుగుతూ పోతాయి, మధ్యలో రూటర్లు, రెండు చివరలా సౌండ్ కార్డులు తలా కొంచెం కలుపుతాయి. ఎంత డబ్బు పోసినా కాంతి వేగం పెరగదు కాబట్టి ఆ 40ని మాత్రం ఎవరూ తగ్గించలేరు. మనం తగ్గించగలిగింది చివర్లలోదే.

అందుకని నువ్వు చేయాల్సింది ఇదీ. జామ్యులస్ అనే ప్రోగ్రామ్ దించుకో, ఉచితం. అందరి వాయింపూ ఒక సర్వర్‌కి వెళ్లి, అక్కడ కలిసి, మళ్లీ అందరికీ వస్తుంది. ఎవరి చప్పుడు నీకెంత వినపడాలో ఫేడర్ అనే మీటతో నువ్వే పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. వైఫై వద్దు. అది సగటున బాగానే ఉంటుంది కానీ మధ్యమధ్యలో తడబడుతుంది, ఆ తడబాటుకే చెవిలో పటపటలు వస్తాయి. మీ డార్మ్ గోడకి ఈథర్నెట్ సాకెట్ ఉందన్నావు, కేబుల్ పెట్టుకో. బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ అసలు పనికిరావు, హిలో దాకా పట్టేదానికన్నా నీ చెవి దాకా రావడానికే దానికి ఎక్కువసేపు పడుతుంది. నా పాత వైరు హెడ్‌ఫోన్స్, గిటార్‌ని కంప్యూటర్‌కి కలిపే చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్ పార్సిల్లో పంపించాను. బఫర్, అంటే కంప్యూటర్ ఒక్కో విడత పోగేసే శబ్దం ముక్క, 128 శాంపిల్స్ దగ్గర పెట్టు, 48 కిలోహెర్ట్జ్‌లో అది 3 మిల్లీసెకన్ల లోపే. పటపటలాడితే 256కి పెంచు.

ప్రోగ్రామ్ తెర కింద దీపం గుర్తు ఒకటి ఉంటుంది. ఆకుపచ్చ అయితే బాగున్నట్టు, ఎరుపైతే ఆలస్యం ఎక్కువైనట్టు. మా సర్వర్ ఇక్కడ కాలిఫోర్నియాలోనే ఉంది కాబట్టి నాకు ఆకుపచ్చ. హిలో ఆంటీకి, వైమేయా అంకుల్‌కి ఎప్పుడూ ఎరుపే. నీకూ ఎరుపే వస్తుంది. టెన్షన్ పడకు.

ఎరుపు దీపంతో వాళ్లిన్నేళ్లుగా ఎలా వాయిస్తున్నారంటావా? సగం జవాబు ఈ సంగీతంలోనే ఉంది. 1793లో వాంకూవర్ అనే ఆంగ్ల నావికుడు కమెహమెహా రాజుకి ఆవుల్ని, ఎద్దుల్ని కానుకగా తెచ్చాడు. వాటిని చంపకూడదని రాజు ఆంక్ష పెట్టాడు. కొన్నేళ్లకి అడవి మందలై పొలాల మీద పడ్డాయి. 1830లలో మూడో కమెహమెహా కాలంలో వాటిని పట్టడానికి మెక్సికో కౌబాయ్‌లను రప్పించారు, వాళ్లతో గిటార్లూ వచ్చాయి. వాళ్లలో చాలామంది వెళ్లిపోయారు, గిటార్లు ఉండిపోయాయి. చూపించేవాళ్లు లేక హవాయి వాళ్లు తమ చెవికి నచ్చినట్టు తీగలు వదులు చేసుకున్నారని చెబుతారు. వైమేయా అంకుల్ వాళ్లది ఆ పశువుల కాపరుల వంశమే. ఈ కథలో ఎంత నిజమో వాదించేవాళ్లు వాదించనీ, వాయిస్తే మాత్రం తెలుస్తుంది, ఇది ఒంటరిగా కూర్చున్న మనిషి కోసం పుట్టిన పద్ధతి. బొటనవేలు లావు తీగల మీద బాస్ కొడుతూ ఉంటుంది, మిగతా వేళ్లు సన్న తీగల మీద పాట పలికిస్తాయి. ఒక్కడే ఉన్నా లోటు కనపడదు. పక్కవాళ్లు చేరితే అందం, చేరకపోతే పాట ఆగిపోదు.

దూరం నుంచి వాయించేటప్పుడు కావాల్సింది సరిగ్గా ఇదే. ఆలస్యం ఉన్నచోట జనం చేసే పని ఏమిటంటే ఒకళ్ల కోసం ఒకళ్లు ఆగుతారు. నేను నీ దెబ్బ కోసం రవ్వంత ఆగుతాను, నువ్వు నా దెబ్బ కోసం ఆగుతావు, నాలుగు చరణాలకి పాట నీరసించి కూలబడుతుంది. స్టాన్‌ఫర్డ్‌లో క్రిస్ చేఫ్ అనే ఆయన బృందం ఇద్దరేసి మనుషుల్ని వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టి చప్పట్లు కొట్టించి చూసింది. ఆలస్యం పెరిగేకొద్దీ నెమ్మదించారు, అది మనం ఊహించేదే. విచిత్రం ఏమిటంటే ఆలస్యం మరీ తక్కువైతే పరుగెత్తారు.

మా దగ్గర తాళం వైమేయా అంకుల్‌ది. ఆయన మా అందరి చప్పుడూ బాగా తగ్గించేసుకుని, రోకలి పోటులా ఆయన పాటికి ఆయన బాస్ కొట్టుకుంటూ పోతారు. మేం ఆయన బాస్ మాకు ఎప్పుడు వినపడితే అప్పుడు దాని మీద వాయిస్తాం. నువ్వూ అంతే చెయ్యాలి. ఆయన బొటనవేలు వినపడనీ, మిగతావాళ్ల ఫేడర్లు సగానికి దించు, నాది కూడా. నువ్వు వాయించింది మాకు చేరేసరికి బాగా ఆలస్యమైపోతుంది కాబట్టి పాట నడుస్తున్నప్పుడు నీ ఫేడర్ నేను దాదాపు కిందకి దించేస్తాను. కోపం తెచ్చుకోకు. సర్వర్ ఎవరి ట్రాక్ వాళ్లకి విడిగా రికార్డు చేస్తుంది. ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ నీ ట్రాక్‌ని ఎంత ఆలస్యమైందో అంత ముందుకి జరుపుతాను. అప్పుడు నువ్వు సరిగ్గా అంకుల్ బాస్ మీద కూర్చుంటావు, నేనూ అమ్మా తీరిగ్గా వింటాం.

ఇది కనికపిలానే కాదని ఆంటీ అప్పుడప్పుడు గొణుగుతూనే ఉంటుంది. ఆమె బాధ నాకు అర్థమవుతుంది. గ్యాబీ పహినుయి రోజంతా హొనొలులు రోడ్ల పనిలో చెమటోడ్చి, శనాదివారాలు వైమానలోలోని తన ఇంటి వాకిట్లో గిటార్ పట్టుకుంటే ఊరు ఊరంతా చేరేదట, తెల్లవార్లూ సాగేదట. మాది ముగ్గురు మనుషులు, మూడు గదులు, చెవుల మీద డిప్పలు. అయినా ఆంటీ మానదు. పొద్దుగూకేవేళకి వాళ్ల పెరట్లో కోకీ కప్పలు మొదలవుతాయి, గుర్తుందా? చప్పుడు తగ్గించే ఆప్షన్లన్నీ మేం ఆపేస్తాం కదా, అవి కూడా తాళం తప్పకుండా మాతో చేరతాయి. ఆమెకి వాటి మీద పీకల్దాకా కోపం. నాకు మాత్రం ఆ కూత వినపడితేనే హిలోలో ఉన్నట్టుంటుంది.

టైం గుర్తుపెట్టుకో. హవాయిలో వేసవికి గడియారాలు ముందుకి జరపరు. ఇప్పుడు వాళ్లకి సాయంత్రం ఐదైతే మాకు ఎనిమిది, నీకు రాత్రి పదకొండు. నవంబర్లో మన గడియారాలు వెనక్కి జరిపాక నీకు పది అవుతుంది. నువ్వెలాగూ ఒంటిగంట దాకా మేలుకునే ఉంటావని అమ్మ అంటోంది. ఆ వేళకి కాలితో నేలమీద తాళం వెయ్యకు, కింద గదివాళ్లు పైకొస్తారు.

గురువారం ఒకసారి నువ్వూ నేనూ మాత్రం కలిపి చూద్దాం. ఈలోగా బొటనవేలు సాధన చెయ్యి. జి కార్డ్‌లో ఐదో తీగ, నాలుగో తీగ, మళ్లీ ఐదు, మళ్లీ నాలుగు. అది ఆగకుండా నడుస్తుండగా నువ్వు అమ్మతో ఫోన్‌లో మాట్లాడగలగాలి, అప్పుడు వచ్చినట్టు. తర్వాత చరణానికీ చరణానికీ మధ్య వాయించే వ్యాంప్: ఏ సెవెన్ రెండు దెబ్బలు, డి సెవెన్ రెండు, జి నాలుగు. దారి తప్పినవాళ్లు మళ్లీ కలుసుకునేది అక్కడే, కాబట్టి పాట మధ్యలో ఏం జరిగినా కంగారుపడి ఆపెయ్యకు, వ్యాంప్ కోసం చూడు. పాటని మొదలుపెట్టేది కూడా ఆ వ్యాంప్‌తోనే. "రెడీయా?" అని అడిగే అలవాటు అంకుల్‌కి లేదు, ఏ సెవెన్ కొట్టేస్తారంతే.

ప్రేమతో,
నాన్న