ఆరు చక్రాల కుర్చీలు, ఒక తాళం: మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

తిరుపతి నుంచి ఒక రిటైర్డ్ ఆర్టీసీ కండక్టరు నమస్కరించి రాసుకునేది.

మీ పేరు, శాఖ పైన రాయలేదు. ఆసుపత్రి పేరూ రాయను. తిరుపతిలో ఆసుపత్రులకు కొదవ లేదు, ఎవరికి తోచింది వాళ్లు అనుకోవచ్చు. ఎవరి పేరు చెప్పి ఏ గదికి తాళం వేశారో మీ పేషీకి మాత్రం తెలుసు. ఎందుకంటే నేను ఇచ్చిన మూడు అర్జీలూ అక్కడికే పంపామని సోమవారం గ్రీవెన్సులో చెప్పారు. మూడింటికీ రశీదులు ఉన్నాయి. మూడింటికీ "మీ అర్జీ పరిష్కరించబడినది" అని ఫోనుకు మెసేజీలు కూడా వచ్చాయి. పరిష్కారం ఎలా ఉంటుందో చూద్దామని, మెసేజీ వచ్చిన ప్రతిసారీ ఆ గది దాకా వెళ్లొచ్చాను. అదే తాళం. మూడోసారికి కొంచెం తుప్పు పట్టింది, అంతే తేడా.

గదిలో ఉన్నవి చక్రాల కుర్చీలు. ఆరు.

ఆసుపత్రిలో రోగులకు, వాళ్ల వెంట వచ్చినవాళ్లకు సాయం చేసే సేవ గురించి మీకు కొత్తగా చెప్పేదేముంది. రమ్మన్నది మీవాళ్లే. హెల్ప్ డెస్క్ పెడతాం, గుర్తింపు కార్డులు ఇస్తాం, పొద్దున నాలుగు గంటలు వచ్చి కూర్చోండి చాలు అన్నారు. పదకొండు మందిమి చేరాం. రిటైరైన టీచర్లు ముగ్గురు, ఒక పోస్ట్‌మ్యాన్, పిల్లల పెళ్లిళ్లు అయిపోయి ఇంట్లో ఊరికే కూర్చోలేని ఆడవాళ్లు నలుగురు, మిగతా మేమంతా ఆర్టీసీ. కార్డులు ఇంకా రాలేదు. అట్ట మీద స్కెచ్ పెన్నుతో మేమే రాసుకుని పిన్నీసుతో గుచ్చుకున్నాం. మొదట్లో దాని మీద "వలంటీర్" అని రాశాం. అది పెద్ద పొరపాటని మొదటి రోజే తెలిసింది. 2019 ఆగస్టు 15న ప్రభుత్వం యాభై ఇళ్లకొకరని పెట్టిన, ఇంటికొచ్చి వేలిముద్ర వేయించుకుని పింఛను ఇచ్చిన వలంటీర్లను జనం ఇంకా మర్చిపోలేదు. ఒక పెద్దాయన నా అట్ట చదివి, "నా ఏలిముద్ర పడ్డం లేదని ఎన్ని తూర్లు చెప్పల్ల నీకు?" అని అందరి ముందూ కడిగేశాడు. పాపం ఆయన వచ్చింది మోకాళ్ల నొప్పికి. మరుసటి రోజు ఆ మాట కొట్టేసి "సాయం" అని రాసుకున్నాం.

మేం చేసేది పెద్ద పనేం కాదు. ఓపీ దగ్గర క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే టోకెన్ వస్తుందని గోడకు అంటించారు. బటన్ ఫోను పట్టుకున్న ముసలమ్మకు ఆ గోడ ఏం చెబుతుంది? ఆమెను పక్క కౌంటరుకు తీసుకెళ్లి చీటీ రాయిస్తాం. పరగడుపున చేయాల్సిన షుగర్ టెస్టుకు దారిలో ఇడ్లీ తిని వచ్చేవాళ్లు రోజుకు పదిమంది ఉంటారు. వాళ్లను లైన్లో రెండు గంటలు నిలబెట్టకుండా ముందే చెప్పి, ఇంకో రోజు ఏం తినకుండా రమ్మని చీటీ వెనక పెద్ద అక్షరాలతో రాసిస్తాం. గర్భసంచి స్కానింగుకు నీళ్లు తాగి మూత్రం ఆపుకోమంటే, సిగ్గుపడి ముందే బాత్రూంకు వెళ్లొచ్చే ఆడపిల్లలకు మా టీచరమ్మ చెవిలో చెబుతుంది. నగరి, సత్యవేడు వైపు నుంచి వచ్చేవాళ్లు అరవం మాట్లాడితే నన్ను పిలుస్తారు. వేలూరు రూటులో పదేళ్లు టికెట్లు కొట్టాను కదా, ఆ భాష ఇప్పుడు ఇక్కడ పనికొస్తోంది. మందులు ఇవ్వం, రిపోర్టు చదివి చెప్పం, కేస్ షీటు ముట్టుకోం. దెబ్బలతో వచ్చినవాళ్లను నర్సు చెప్పకుండా కదిలించం. ఇవి మాకు ఎవరూ నేర్పలేదు. తప్పులు చేసి, తిట్లు తిని నేర్చుకున్నాం.

2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి, అదే ఆడవాళ్లకు ఉచిత బస్సు, మొదలయ్యాక పల్లెల నుంచి వచ్చే తొలి బస్సుల్లో ఆడవాళ్లు బాగా పెరిగారు. వాళ్లలో చాలామంది ఏళ్ల తరబడి నొప్పి ఓర్చుకుని, చార్జీ లేదు కదా ఒకసారి చూపించుకుందామని వస్తున్నవాళ్లు. కండక్టరుగా నాకు ఆ జీరో టికెట్టు చూస్తే సంతోషం. బస్సు దిగాక ఆసుపత్రి గేటు నుంచి డాక్టరు దాకా ఎలా పోవాలన్నదే ఆ టికెట్టు మీద లేదు.

ఓపీ నుంచి ఎక్స్‌రే గదికి నా అడుగుల్లో 412. మధ్యలో ఒక ర్యాంపు. ఊరికే చెప్పడం లేదు, లెక్కపెట్టాను. ఈ దూరానికి వాడుకలో ఉన్న పాత కుర్చీలు రెండు. ఒకదానికి కాళ్లు పెట్టుకునే పలక లేదు, కూర్చున్నవాళ్లు కాళ్లు పైకెత్తి పట్టుకోవాలి. కాలు బాగాలేకే కదా వాళ్లు వచ్చింది! రెండోదాని మీద దుప్పట్ల మూటలు తోలుకుపోతుంటారు. అది ఖాళీగా దొరికితే సెక్యూరిటీ దగ్గర ఆధార్ కార్డు తాకట్టు పెట్టాలి. ఆధార్ అక్కడ పెడితే ఓపీ కౌంటర్లో చూపించడానికి ఉండదు. ఓపీలో చూపించి వచ్చేసరికి కుర్చీ ఉండదు. ఈ పద్ధతి కనిపెట్టినాయన ఎవరో గానీ, మా డిపోలో పనిచేసుంటే దిగాక టికెట్ ఇచ్చేవాడు.

ఇదంతా చూడలేకే మేం చందాలు వేసుకున్నాం. పెన్షన్లలో తలా కాస్త ఇచ్చాం. గేటు ముందు టీ కొట్టతను రెండు వేలు ఇచ్చాడు. పూలమ్మే ఆవిడ ఐదు వందలు ఇచ్చి "నా పేరు రాయొద్దు" అంది. అలా నలభై ఏడు వేల చిల్లర అయింది. ఆరు కుర్చీలు కొన్నాం. నేనే ట్రాలీ ఆటోలో వెనక కూర్చుని వాటిని పట్టుకుని వచ్చాను. ఎక్కేముందు బ్రేకు వేయాలి, కాళ్ల పలకలు పైకి మడవాలి, ర్యాంపు దిగేటప్పుడు కుర్చీని వెనక్కి తిప్పి దించాలి, లేకపోతే మనిషి ముందుకు జారిపోతారు అని ఇంట్లో మా ఆవిడను కూర్చోబెట్టి ప్రాక్టీసు కూడా చేశాం. ఆమె నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

కుర్చీలు దింపిన రోజే వాడకం మొదలవుతుందనుకున్నాం. ప్లాస్టిక్ కవరు విప్పబోతే ఒక అధికారి పరిగెత్తుకుంటూ వచ్చాడు. "విప్పొద్దు, విప్పొద్దు. మంత్రి గారి చేతుల మీదుగా చేయించాలి. ఇలా ఊరికే వాడేస్తే రేపు మాకు మాటొస్తుంది" అన్నాడు. మంచిదే అనుకున్నాం. మీ ఫోటో పక్కన మా కుర్చీలు పేపర్లో వస్తే ఇంకో ఆరు ఎవరైనా ఇస్తారేమో అని ఆశ కూడా పడ్డాం. అప్పుడు వినాయక చవితి దగ్గర్లో ఉంది. దసరా అయింది. సంక్రాంతి అయింది. గంగమ్మ జాతర కూడా అయిపోయింది. మూడు డేట్లు చెప్పారు. ఒకసారి షామియానా వేసి తీసేశారు కూడా. మిమ్మల్ని తప్పు పట్టడం లేదు, మీకు ఈ సంగతి చెప్పారో లేదో నాకు తెలియదు. మీ పేరు చెప్పి ఏం ఆగిపోయిందో మీకు చెప్పేవాళ్లు ఉండరు కదా అని ఇలా పదిమందిలో రాస్తున్నాను.

పోయిన నెల ఒక గురువారం. పీలేరు వైపు నుంచి తల్లిని తీసుకుని ఒక అబ్బాయి వచ్చాడు. ఆమెకు షుగరు, పాదానికి పుండు, పాత చీర ముక్కతో కట్టు. కట్టు మీద ఈగలు వాలకుండా కొంగు కప్పుకుంది. ఆ కాలి చెప్పు చేతిలో పట్టుకుంది. ఎక్స్‌రే తీయించుకు రమ్మన్నారు. అబ్బాయి కాసేపు అటూ ఇటూ చూసి, వంగి, "ఎక్కుమా" అన్నాడు. ఆమె వాడి వీపు మీదకు ఎక్కింది. నేను చీటీలు పట్టుకుని పక్కన నడిచాను. ర్యాంపు మధ్యలో వాడికి ఊపిరాడక గోడకు ఆనుకున్నాడు. ఆమె చేతిలో చెప్పు జారి కింద పడింది. నేను తీసి ఇస్తుంటే అడిగింది, "ఇంత పెద్ద ఆస్పత్రిలో ఒక కుర్చీ కూడా లేదా సామీ?"

"ఉండాయమ్మా. ఆరుండాయి. ఇంకా ఓపెనింగ్ కాలేదు" అన్నాను.

ఆమె కాసేపు ఆలోచించి, "కుర్చీలకు కూడా గృహప్రవేశమా నాయనా?" అంది.

ఎగతాళికి అనలేదు. నిజంగానే అడిగింది. నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉంటే ఇప్పించండి, ఆమె మళ్లీ కట్టు మార్పించుకోవడానికి వస్తుంది, చెబుతాను.

ఇంకో మాట. కొండ మీద 2000లో మొదలైన శ్రీవారి సేవ ఇన్నేళ్లుగా నడుస్తోంది. ఎక్కడెక్కడి నుంచో వచ్చి మెడలో స్కార్ఫ్ వేసుకుని, క్యూలైన్లలో నీళ్లు, అన్నం అందిస్తున్నారు. మా ఆవిడ రెండుసార్లు వెళ్లొచ్చింది. స్కార్ఫ్ చూడగానే జనం దారి ఇస్తారు, పని అప్పగిస్తారు. కొండ దిగితే ఇదే ఊళ్లో మా అట్టముక్క చూసి సెక్యూరిటీ అతను రోజూ "ఎవురు నువ్వు, యాడికి?" అని ఆపుతాడు. పది నెలలుగా రోజూ ఆపుతున్నాడు. నా పేరు, మా మనవరాలి పేరు కూడా అతనికి తెలుసు. అయినా ఆపుతాడు, అది అతని డ్యూటీ. అతనికి జీతం టైముకు రావడం లేదట. ఆ సంగతి వేరే అర్జీలో రాస్తాను.

ఇలాంటివి చూసే మన జిల్లా జనం ఒంట్లో ఏ మాత్రం తేడా వచ్చినా అప్పు చేసి వేలూరు ఆసుపత్రికి బస్సెక్కుతారు. వాళ్లను ఎక్కించుకున్నవాణ్ని నేను. ఇక్కడి డాక్టర్లు తక్కువవాళ్లని కాదు వాళ్లు వెళ్లేది. ఎటు పోవాలో అడిగితే చెప్పేవాళ్లు ఉంటారని.

గత వారం స్టోర్ రూం కిటికీలోంచి చూశాను. కుర్చీల మీద కుర్చీలు పేర్చి, వాటి మీద పాత రికార్డుల కట్టలు పెట్టారు. ఒకదాని మీద పిల్లి పడుకుంది. ఆసుపత్రికి వచ్చాక ఆ ఆరింట్లో కూర్చున్నది అదొక్కటే. టైర్లు గాలివి, వాడకుండా ఉంచితే దిగిపోతాయని షాపతను ముందే చెప్పాడు. మూడింటికి దిగిపోయి రబ్బరు నేలకు అతుక్కుంది.

అయ్యా, మీరు రండి. రిబ్బన్ మేమే కొంటాం, కత్తెర మేమే తెస్తాం. శిలాఫలకం కావాలంటే దానికీ చందా వేసుకుంటాం. రావడానికి కుదరకపోతే ఫోన్లో వీడియో కాల్‌లో కత్తిరించండి, ఈ రోజుల్లో అన్నీ వర్చువల్‌గానే అవుతున్నాయి కదా. అదీ కుదరకపోతే "వాడుకోండి" అని ఒక్క ముక్క రాసి పంపండి. మా డిపోకు కొత్త బస్సొస్తే టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఆ పూటే రూటుకు పంపేవాళ్లం. నిమ్మకాయలు కూడా నేనే తెస్తాను. కార్డుల సంగతి తర్వాత చూద్దాం, హెల్ప్ డెస్కుకు బల్ల లేకపోయినా ఫరవాలేదు, నిలబడే అలవాటు ఉంది. ముందు ఆ తాళం తీయించండి. మళ్లీ చెబుతున్నాను, తాళం తీయించండి సార్.

గాలి కొట్టే పంపు కూడా అప్పుడే కొన్నాం. దాన్ని కూడా గదిలో పెట్టేస్తారేమోనని ఇంటికి తెచ్చేసుకున్నాను. మీ కబురు అందిన అరగంటలో సైకిలు మీద దాంతో గేటు దగ్గర ఉంటాను.

ఇట్లు,
మీ విధేయుడు,
ఒక రిటైర్డ్ కండక్టరు, తిరుపతి